దిండు గలీబు

"మనవాళ్లకే ఇచ్చుకున్నామన్న మాట రాకూడదు," అంటూ సెలెక్టరు అమ్మాయిలందరికీ దిండు గలీబులు తొడిగించాడు, కళ్ల దగ్గర చిల్లులు పెట్టి. జూనియర్ రగ్బీ జట్టులో ఇంకొక్క చోటే ఉంది.

గలీబులు ఒకదాన్నొకటి గుద్దుకుని పడ్డాయి. తొమ్మిదో నంబరు మాత్రం ముగ్గురిని విదిలించుకుని బంతిని గీత అవతల పెట్టింది.

"తొమ్మిది!" సెలెక్టరు ఎగిరి గంతేశాడు. "కళ్లు మూసుకుని రాసెయ్యండి!"

తొమ్మిది గలీబు తీసింది. ఆయన కూతురే.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "కొట్టెయ్యండి."

"అందరికంటే బాగా ఆడింది కదండీ," అన్నాడు పేర్లు రాస్తున్న కోచ్.

"అదే వచ్చిన చిక్కు!"

కూతురు గలీబు మళ్లీ తొడుక్కుంది. "ఇప్పుడు రాసుకోండి సార్. నేనెవరో మీకు తెలీదు."

సెలెక్టరు హమ్మయ్య అనుకుని తనే పెన్ను తీశాడు.

"తండ్రి పేరు చెప్పమ్మా."

చిల్లుల్లోంచి రెండు కళ్లు ఆయన్నే చూస్తున్నాయి.