పిల్లి పేరేంటి?

"మీ ఇంట్లో పిల్లి పేరేంటి?"

మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించి, నరం కోసం వేలితో తడుముతూ అడిగిందామె.

కుర్చీలో కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. సూదికి కాదు. సూది ఇంకా గుచ్చనే లేదు.

"ఏమన్నావమ్మా?"

"పిల్లండీ బాబాయ్‌గారూ. దాని పేరేంటి?"

ఆయన ఆమె ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయాడు. తేరుకునేలోపు సిరంజి నిండింది. ఆమె దూది పెట్టి చెయ్యి మడిచేసింది.

"అయిపోయిందా?"

"ఎప్పుడో!"

"ఈ ప్రశ్న నీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదండీ. సూది పట్టుకుంటే అదే నోటికొచ్చేస్తుంది."

నిజమే. ఆ రక్తపరీక్షల ల్యాబ్‌లో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. ఎవరి చెయ్యి పట్టుకున్నా అదే ప్రశ్న. పిల్లి ఉన్నవాళ్ళు మురిసిపోతూ పేరు చెప్పేవాళ్ళు. లేనివాళ్ళు "మాకు పిల్లి లేదే!" అని ఆలోచనలో పడేవాళ్ళు. ఈలోగా పని కానిచ్చేసేది. తోటివాళ్ళు పిల్లి అక్క, పిల్లి అక్క అని పిలిచి పిలిచి చివరికి పిల్లక్కని చేశారు.

పిల్లులంటే మాత్రం ఆమెకి పడదు. దగ్గరికొస్తే తుమ్ములు.

పెద్దాయన గుండెజబ్బుకి మందు వాడుతున్నాడు. ప్రతి మంగళవారం రక్తం చూపించుకోవాలి. పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా కదిలేవాడు కాదు.

"అక్కడ తీయించుకోండి బాబాయ్‌గారూ, త్వరగా అయిపోతుంది."

"నాకేం తొందర? పిల్లక్కే తియ్యాలి."

"ఇదేం చాదస్తమో!" అని గొణుక్కునేది. కానీ పదకొండు దాటినా ఆయన రాకపోతే రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి చూసొచ్చేది.

ఆయన వారానికో పేరు చెప్పేవాడు.

"పోయినవారం హెడ్‌మాస్టరన్నారు కదా?"

"రిటైరైపోయింది. దాని స్థానంలో కొత్తదొచ్చింది."

"దాని పేరు?"

"మేనేజరు. పనేం చెయ్యదు. అందరి మీదా గుర్రుమంటుంది."

ఆమె పకపకా నవ్వింది. ఆ నెలలోనే చేరిన మేనేజరు సరిగ్గా తెర వెనకే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే పిలుపొచ్చింది. "ఇది ల్యాబా, రచ్చబండా? రక్తం తియ్యండి, పంపించండి. పిల్లులూ కుక్కలూ వద్దు."

తరవాతి మంగళవారం ఆమె నోరు మెదపకుండా పట్టీ బిగించింది.

"ఏమ్మా, పిల్లి ఊసే లేదు?"

"అడగొద్దన్నారు."

"ఎవరు?"

"మీ పిల్లే."

పెద్దాయన పగలబడి నవ్వాడు. దూది అదిమిపట్టుకుని లేచి, తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళాడు. పది నిమిషాలు తలుపు తెరుచుకోలేదు.

తెరుచుకున్నాక మేనేజరే ఆయన్ని గుమ్మం దాకా సాగనంపాడు. ఆమె దగ్గర ఆగి, "ఆ ప్రశ్నేదో... అడగండమ్మా, పర్లేదు" అన్నాడు నేల చూపులు చూస్తూ.

ఆమె తెల్లబోయింది. "ఏం మంత్రం వేశారు బాబాయ్‌గారూ?"

"మా పిల్లి తరఫున క్షమాపణ చెప్పుకున్నా." చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ అన్నాడాయన. "అది సరేగానీ, అసలెందుకు అడుగుతావో ఎప్పుడైనా ఆలోచించావా?"

"అలవాటండీ. అలవాటుకి కారణం కూడానా?"

"ఎందుకుండదూ? మీ అమ్మగారిని అడిగి చూడు. వచ్చే మంగళవారం నాకూ చెబుదువుగాని."

ఆ సాయంత్రం అమ్మ బఠాణీలు ఒలుస్తుంటే పక్కన చేరి అడిగింది.

అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఇప్పటికీ అదే అడుగుతున్నావా? నీకు నాలుగో ఏట పెద్ద జబ్బు చేసిందే. నెల్లాళ్ళు ఆసుపత్రి. రోజూ రక్తం తీసేవాళ్ళు. తెల్లకోటు కనబడితే చాలు, మంచం కిందికి దూరేదానివి. ఒకతను మాత్రం నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, 'మీ ఇంట్లో పిల్లి పేరేంటి?' అనేవాడు. మనకి పిల్లెక్కడిది? అయినా రోజుకో పేరు కల్పించి చెప్పేదానివి. సూది ఎప్పుడు గుచ్చాడో నీకే తెలిసేది కాదు. మనం ఇంటికొచ్చేసేరోజు అతనికి సెలవు. కృతజ్ఞతలు కూడా చెప్పుకోలేకపోయాం."

ఆమెకి ఆ ఆసుపత్రి గుర్తులేదు. ఆ మనిషి గుర్తులేడు. కళ్ళల్లో మాత్రం నీళ్ళు తిరిగాయి.

ఇది బాబాయ్‌గారికి చెప్పాలి. మంగళవారం ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెట్టింది.

మంగళవారం వచ్చింది. ఆయన రాలేదు.

ఇంకో మంగళవారం. రాలేదు.

మూడోవారం ఉండబట్టలేక, ఫారంలో ఉన్న నంబరుకి ఫోన్ చేసింది. ఆయన కూతురు ఎత్తింది.

"నాన్నగారు పోయి పదిహేను రోజులైందండీ. నిద్రలోనే..."

ఫోన్ పెట్టేసి అక్కడే కూలబడింది. మేనేజరు గదిలోంచి వచ్చి, మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చాడు.

"ఆయనకో మాట బాకీ పడ్డానండీ," అందామె. "ఆ ప్రశ్న ఎందుకడుగుతానో కనుక్కుని చెప్పమన్నారు. కనుక్కున్నాను. చెప్పేలోపే..."

మేనేజరు కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆయనకి తెలుసమ్మా. 'పిల్లల ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు రక్తం తీశానండీ, ఆ ప్రశ్న నాది, ఎప్పుడో నాకు రోజుకో పిల్లి పేరు చెప్పిన పిల్లే ఈ అమ్మాయి. నేనెవరో మాత్రం చెప్పకండి, తెలిస్తే నాకు సూది గుచ్చడానికి దాని చెయ్యి వణుకుతుంది' అన్నారు ఆ రోజు."