ఎడమవైపు అప్పులు

“పెట్టుబడి యజమాని సొమ్మే కదండీ. మరి దాన్ని అప్పుల వైపు ఎందుకు రాస్తారండి?” అని అడిగింది మేరీ.

ఆ ప్రశ్నకు శ్రీరామమూర్తి మేష్టారి ముఖం వెలిగింది. ముప్ఫై ఏళ్లు అమలాపురంలో కామర్సు చెప్పి, కిందటేడు, ఎనభై రెండులో, రిటైరయ్యారాయన. వేదం చదివిన ఇంట్లో పుట్టి పద్దుపుస్తకాలు పట్టుకున్నాడని తండ్రి చివరిదాకా ఆయనతో సరిగా మాట్లాడలేదు. అంత ఖరీదు పెట్టి నేర్చుకున్న విద్యను ఇన్నేళ్లలో పరీక్ష కోసం తప్ప అడిగినవాళ్లు లేరు. ఈ పిల్ల అడిగింది.

“కంపెనీ వేరు, యజమాని వేరమ్మా. కంపెనీ కూడా ఒక మనిషే అనుకో. ఆ మనిషి యజమాని దగ్గర చేబదులు తీసుకున్నట్టు లెక్క. ఎప్పటికైనా ఇవ్వాల్సిందే. అందుకే ఎడమవైపు, అప్పుల్లో రాస్తాం.”

“ఆయ్,” అని నోటుబుక్కులో రాసుకుంది మేరీ.

ప్రతి ఆదివారం చర్చి అయ్యాక నగరం అనే పల్లె నుంచి బస్సెక్కి వచ్చేది. తండ్రి ఇస్సాకు జీవితమంతా పరాయి చేలల్లో కూలికి వెళ్లినవాడు. మేరీ ఇంటరు పాసై, అమలాపురంలోనే ఏదో ఆఫీసులో నెలకు రెండొందల యాభైకి టైపిస్టుగా చేస్తోంది. ఏ ఆఫీసని మేష్టారు ఒకసారి అడిగితే చిన్నదేనండి అంది. ఆయన మళ్లీ అడగలేదు. పరీక్షలూ సర్టిఫికెట్లూ తనకు అక్కర్లేదనీ, ఒక కంపెనీ ఆస్తి అప్పుల పట్టీ చదవడం వస్తే చాలనీ మొదటి రోజే చెప్పింది.

మొదట్లో ఆమెను అరుగు మీదే కూర్చోబెట్టిన మేష్టారి భార్య సూర్యకాంతం, మూడో వారానికి లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. ఫీజు వద్దంటే మేరీ కొబ్బరి లౌజు తెచ్చేది.

రెండు నెలల్లో ఎంతో పట్టుకుంది. కొబ్బరికాయలు అరువుకు అమ్మితే లాభం పుస్తకంలో ఉంటుంది గానీ జేబులో ఉండదని ఆయన చెబితే, అయితే లాభంలో ఉన్న కంపెనీ కూడా జీతాలివ్వలేకపోవచ్చన్నమాట అని తనే అంది. పడవ ఏటా కొంత అరుగుతుందనీ, ఆ అరుగుదల కూడా ఖర్చేననీ చెబితే, మరి మనుషుల అరుగుదల ఎక్కడ రాస్తారని అడిగింది.

ఆ ఆదివారం కాఫీ ముట్టుకోలేదు. సంచిలోంచి ఒక కాగితం తీసింది. పైభాగం మడిచి గుండుసూది గుచ్చి ఉంది. చదువుతాను, తప్పుంటే చెప్పండి అంది.

ఎడమవైపు వాటాల పెట్టుబడి పదివేలు, జనం దగ్గర తీసుకున్న డిపాజిట్లు పదకొండు లక్షల నలభై వేలు. కుడివైపు కుర్చీలూ బల్లలూ ఎనిమిది వేలు, బ్యాంకులో రెండు వేలు, బయట ఇచ్చిన అప్పులు ఎనిమిది లక్షల నలభై వేలు, ఇంతవరకూ వచ్చిన నష్టం మూడు లక్షలు.

“రెండు వైపులా సరిపోయిందండి,” అంది.

“సరిపోవడానికేం, అబద్ధం కూడా సరిపోతుంది. ఆ అప్పులు ఎవరికిచ్చారు?”

ఓనరు భార్యకూ, బావమరుదులకూనట. ఒక్క ప్రోనోటు రాయించుకోలేదు, ఒక్క రూపాయి తిరిగి రాలేదు. మరి డిపాజిట్ల మీద నెలనెలా వడ్డీ ఎలా కడుతున్నారని అడిగారు మేష్టారు. కొత్తగా వచ్చే డిపాజిట్లలోంచేనండి అంది మేరీ.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఇది కంపెనీ కాదమ్మా. ఒక గొయ్యి పూడ్చడానికి ఇంకో గొయ్యి తవ్వుతున్నారు. ఏ కంపెనీ ఇది?”

మేరీ గుండుసూది లాగి మడత విప్పింది. నారికేళా ఫైనాన్స్ ప్రైవేట్ లిమిటెడ్.

మేష్టారికి రిటైరైనప్పుడు వచ్చిన నలభై వేలూ అందులోనే ఉన్నాయి. ఏడాదికి నూటికి పద్దెనిమిది వడ్డీ, నెలనెలా ఒకటో తారీఖున ఠంచనుగా ఇంటికొచ్చేది. కామర్సు మేష్టారే వేశారంటే ఇంక భయమేమిటని తోటి లెక్చరర్లు వేశారు. బావగారు పొలం అమ్మిన డబ్బు వేశారు. ఇంతమందిని నమ్మించిన మనిషి ఈ కాగితం ఒక్కసారైనా అడిగి చూడలేదు.

వంటింట్లో సూర్యకాంతం పప్పు రుబ్బుతోంది. ఆవిడకేం చెప్పాలో ఆయనకు తోచలేదు. లేచి చొక్కా అందుకున్నారు.

“ఓనరు తాతారావు ఇంటికి పోతాను. లేకపోతే పోలీసుల దగ్గరికి.”

“తాతారావుగారు వెళ్లిపోయి పన్నెండు రోజులయ్యిందండి. ఇంటికి తాళం.”

ఆయన కుర్చీలో కూలబడ్డారు. కాసేపటికి, “ఎక్కడికి పోతాడు? ఇలాంటి లెక్కల మీద సంతకం పెట్టినవాడికి జైలే,” అన్నారు.

“ఎవరో పెట్టమంటే, పట్టీ చదవడం రాకుండా పెట్టిన సంతకానికి కూడానా అండి?”

“చదవడం రానివాడు డైరెక్టరెలా అయ్యాడు? చట్టానికి అదేం పట్టదు.”

తాతారావుగారి పేరు ఈ కాగితంలో ఎక్కడా లేదండి అని మెల్లిగా అంది మేరీ.

మేష్టారు కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా వెతికారు. నిజమే. తాతారావు పేరు లేదు. అడుగున, మేనేజింగ్ డైరెక్టరు అన్న మాట పైన, నీలం సిరాతో ఇంగ్లీషులో గుండ్రంగా గిలికిన సంతకం ఒక్కటే ఉంది.

“మరి ఇదెవరిది?”

మేరీ నోటుబుక్కు మూసి లేచి నిలబడింది.

“నాదేనండి.”