తోడు మాత్ర

స్టీలు గ్లాసు రమ్య చేతిలోంచి జారి గచ్చు మీద దొర్లింది. టీ అంతా చాప పాలైంది.

“పోతే పోనీ బిడ్డా, ఇంకో గ్లాసు పోస్త,” అంటూ వంటింట్లోంచి వచ్చిన సిద్ధయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. కూతురి వేళ్లు వాటంతట అవే వణుకుతున్నాయి. లేవబోయి గోడ పట్టుకుంది.

“బాపూ... కాళ్లు... నిలుస్తలెవ్వు.”

మాట ముద్దముద్దగా వచ్చింది. ఆ వెంటనే భళ్లున వాంతి చేసుకుంది.

చప్పుడు విని పక్కింటి సుమిత్రమ్మ ఉరికొచ్చింది. “గా కొత్త మాత్రనే అన్నా! నేను మొత్తుకోలే? ఉన్నది సాలదని ఇంకోటి తగిలిచ్చిన్రు!”

సిద్ధయ్య ఆటోకు ఫోన్ చేశాడు.

ఆటోలో రమ్య తల ఆయన ఒళ్లో ఉంది. కాళ్లు సుమిత్రమ్మ ఒళ్లో.

“నాలుగు దినాల సంది మా ఇంటికొచ్చి మామిడికాయ తొక్కు పెట్టు అత్తా, తొక్కు పెట్టు అని ఒకటే పోరు. గా మాత్రతోని నోరు సచ్చిపోయింది పోరికి.”

“పెట్టినవా?” సిద్ధయ్య చటుక్కున తలెత్తాడు.

“ఏడ పెట్టిన? మీ ఇంటి తొక్కు జాడీ గూడ నా చేతుల పెట్టి నువ్వే వద్దంటివి గద!”

ఆయన ఊపిరి పీల్చుకుని కూతురి నుదురు నిమిరాడు.

రమ్యది బైపోలార్ జబ్బు. కొన్నాళ్లు నిద్రాహారాలు లేని ఉరుకులాట, ఆ తర్వాత నెలల తరబడి చీకటి. లిథియం మాత్రతో ఉరుకులాట ఆగింది గానీ, చీకటి మాత్రం ఈ ఏడు కదల్లేదు. ఎప్పుడూ తానే డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చే పిల్ల, ఎండలు ముదురుతుండగా మంచం దిగనంది. అప్పుడు మొదటిసారి సిద్ధయ్య వెంట వెళ్లాడు.

“పాత మాత్ర ఆపొద్దు. దానికి ఇంకోటి తోడు ఇస్తున్నా,” అన్నాడు డాక్టరు.

“పాలల్ల తోడేసినట్టా సార్?”

డాక్టరు నవ్వాడు. “అంతే అనుకోండి. పాలుంటేనే తోడుకు పని.”

సిద్ధయ్య బస్సు డిపోలో ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి. దేంట్లో ఏముందో తెలియందే ఆయనకు తృప్తి ఉండదు. “మరి పాతదాంట్ల ఏముంటది సార్? గట్టి మందా?”

“భయపడకండి, అదొక రకం ఉప్పు. నీళ్లు బాగా తాగించండి. తిండి ఎప్పటిలాగే.”

తోడు మాత్ర పని చేసింది. ఒక సాయంత్రం రమ్య తనంతట తాను తల దువ్వుకుంది. ఇంకో సాయంత్రం “కోమటిచెరువు కట్ట మీదికి పోదామా బాపూ?” అని అడిగింది. అక్కడ ఎవరి పిల్లో పుల్ల ఐస్‌క్రీం ముక్కుకు పూసుకుంటే చూసి నవ్వింది కూడా. సిద్ధయ్య నీళ్ల వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

ఇంట్లోనూ అంతే. భార్య బాలలక్ష్మి బీపీతో పోయినప్పటి నుంచి వంట ఆయనదే. అంతకుముందు ప్రతి కూరకూ వంక పెట్టిన పిల్ల, ఇప్పుడు ఏది వండినా మారుమాట లేకుండా తింటోంది. ఆయనకు అదే పదివేలు.

అలాంటి పిల్ల ఇప్పుడు ఒళ్లో గుడ్లు తేలేసి ఉంది.

దవాఖానలో రక్తం తీసుకున్నారు. రిపోర్టు పట్టుకుని డాక్టరు రాగానే సిద్ధయ్య తోడు మాత్రల పట్టీ ఆయన ముందుకు విసిరాడు. జీవితంలో ఎవరి మీదా గొంతు పెంచని మనిషి అరిచాడు.

“మీ తోడు మాత్ర నా బిడ్డను ఏం జేసిందో సూడున్రి సార్!”

“దాని తప్పు కాదు సిద్ధయ్య గారూ. పాతది, లిథియం, రక్తంలో ఉండాల్సినదానికి రెట్టింపు ఉంది. ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేది.” డాక్టరు గొంతు తగ్గించాడు. “అమ్మాయి కావాలని ఎక్కువ మింగిందా?”

సుమిత్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సిద్ధయ్య అడ్డంగా తల ఊపాడు.

“లేదు సార్. డబ్బా నా తలాపుననే పెట్టుకుంట. పూటపూటకు నా చేతులతోనే ఇస్త.”

“నొప్పుల మాత్రలేమైనా వాడిందా?”

“ఒక్కటి గూడ లేదు.”

“విరేచనాలు?”

“లెవ్వు సార్.”

“అన్నం తింటోందా?”

“కడుపు నిండ తింటది. నేను పానం పెట్టి వండుతున్న సార్.”

నర్సు స్టాండుకు సీసా తగిలించి రమ్య చేతికి సూది గుచ్చింది.

“గదేంది బిడ్డా?”

“సెలైన్ పెద్దయ్యా. ఉప్పు నీళ్లే.”

సిద్ధయ్య ఉలిక్కిపడ్డాడు. “ఉప్పా? గా మాత్ర తినేటోళ్లకు ఉప్పు ఎక్కిస్తరా?”

“ఎక్కించాలి,” అన్నాడు డాక్టరు. “ఒంట్లో ఉప్పు తగ్గితే ఆ మందు బయటికి పోదు, రక్తంలోనే పేరుకుని విషమవుతుంది. ఎండకు, చెమటకు కొంత తగ్గుతుంది గానీ ఇంతగా పడిపోదు. ఎందుకిలా అయిందో అంతుపట్టడం లేదు.”

సీసాలో చుక్కలు పడుతున్నాయి. కాసేపటికి రమ్య కళ్లు తెరిచింది. వణుకుతున్న చేత్తో తడుముకుంటూ తండ్రి చిటికెన వేలు పట్టుకుంది.

“బాపూ... భయపడకు.”

“ఇక ఫర్వాలేదు పెద్దయ్యా, గట్టెక్కింది,” అంది నర్సు.

సిద్ధయ్య ఆ వేలు విడిపించుకోలేదు. మిగిలిన చేత్తోనే డాక్టరుకు దండం పెట్టాడు.

“మాత్రలల్లనే ఉప్పున్నదంటిరని, కూరల ఉప్పు బంద్ పెట్టిన సార్.”