నల్లబడిన బుడ్డి

ఊరి ఆసుపత్రిలో ప్రతి మనిషి కాలేయపు తునకా ఒక గాజుబుడ్డిలో బతుకుతుంది. కొత్త మందు ఏదైనా ముందు దానికే పట్టిస్తారు. మోకాళ్ల నొప్పుల మందుకు సుగుణ బుడ్డి తేటగా నిలిచింది. ఆమె తోడికోడలు మంగతాయారుది నల్లబడింది. మంగతాయారు కాలేయం ఆ మందును అరిగించి విషం చేస్తోందని డాక్టరమ్మ చెప్పింది.

ఆ మందు వేసుకుని సుగుణ చకచకా నాట్లేస్తుంటే, నొప్పులతో వంగలేని మంగతాయారు ఓర్వలేకపోయింది. ఇంటికొచ్చి, గూట్లో ఉన్న సుగుణ మాత్ర నోట్లో వేసుకుంది.

వెనకాలే ఇంటికొచ్చిన సుగుణ అది చూసి, పరుగున వచ్చి దవడ పట్టుకుంది. "ఉమ్మెయ్యక్కా! చచ్చిపోతావు!"

మంగతాయారు ఉమ్మేసింది. "ఒక్క కుండలో కూడేగా తింటున్నాం? నీకు మందైంది నాకు విషమెందుకైందే?"

"నన్నేం చెయ్యమంటావక్కా?"

"రేపు నా మడీ నువ్వే నాటు."

సుగుణ సరేనంది. అంత తేలిగ్గా సరేనన్నందుకు మంగతాయారుకు ఇంకా మండింది.