పదకొండు గంటలు, నలభై అడుగులు

“పదకొండు గంటలు, నలభై అడుగులు.”

జ్యోత్స్న గొంతు చిన్నది. అయినా మాట పూర్తయ్యేలోపే బాలకృష్ణ చేతిలోని గాలపు కర్ర వెనక్కి వంగి ముందుకొచ్చింది. పసుపు దారం గాలిలో చాచుకుంటూ పోయింది. దాని కొసకు కట్టిన కోడి ఈక, ఎండిన మడిలో పడుకోబెట్టిన పాత ఆటో టైరు మధ్యలో వాలింది.

మేకలు తోలుకుపోతున్న దూలయ్య గట్టు మీద ఆగాడు.

“పొద్దు గూకుతుంటే పదకొండు గంటలంటదేంది నీ బిడ్డ? బడిల గిదేనా నేర్పింది?”

“టైం కాదు దూలన్నా. పడవ ముక్కు దిక్కు పన్నెండు అనుకోవాలె. దానికి జర ఎడమకైతే పదకొండు. సముద్రంల చేప యాడున్నదో గట్లనే చెప్తరంట.”

“మరి గీడ చేప యాడున్నది?”

“టైర్ల.”

దూలయ్య నవ్వుకుంటూ మేకల వెంట పోయాడు.

బాలకృష్ణ భార్య రూప్లి తమ్ముడు రవికుమార్ అండమాన్‌లో ఒక రిసార్టులో వంటవాడు. అక్కడికొచ్చే టూరిస్టులు ఉప్పునీళ్ళలో ఈక గాలంతో చేపలు పట్టి, ఫొటో దిగి, మళ్ళీ వదిలేస్తారు. కొత్తవాళ్ళను ఒడ్డున నిలబెట్టి దారం విసరడం నేర్పే మనిషి కావాలని మేనేజర్ అంటే, రవికుమార్ తన బావ పేరు చెప్పాడు. ఎవరో టూరిస్టు వదిలేసిన కర్రను, సముద్రపు ఎండకు పెట్టుకునే నల్ల కళ్ళద్దాలను కొరియర్‌లో పంపాడు. మూడేళ్ళుగా అతను తండాకు రాలేదు. నేర్పిందంతా ఫోన్‌లోనే. మామతో ఎక్కువ మాట్లాడొద్దని రూప్లి కూతురికి ముందే చెప్పింది. మాట్లాడమన్నా మాట్లాడే పిల్ల కాదు జ్యోత్స్న.

మొదటి వారం దారం బాలకృష్ణ మెడకే చుట్టుకుంది. ఈకకు బరువుండదు, దారమే దాన్ని మోసుకుపోవాలి. వెనక్కి పోయిన దారం పూర్తిగా చాచుకునేదాకా ఆగాలి. తొందరపడితే కుప్పగా పడుతుంది.

“దాని సప్పుడు ఇనాలె బిడ్డా, గంతే,” అన్నాడు ఒకరోజు. ఆ రోజు నుంచి దారం మాట విన్నది.

ఆటో అమ్మేశాక మంచం దిగని మనిషి అతను. రూప్లి మిర్చి ఏరడానికి పోతే వచ్చేదాకా గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇప్పుడు తెల్లారకముందే కర్ర అడుగుతున్నాడు. జ్యోత్స్న భుజం మీద చెయ్యేసి, కబుర్లు చెప్తూ మడికి నడుస్తున్నాడు. ఈ పని దొరకకపోతే మళ్ళీ ఆ గోడేనని జ్యోత్స్నకు తెలుసు.

ఆదివారం వీడియో కాల్ వచ్చింది. బాలకృష్ణ నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాడు, రూప్లి ఫోన్ పట్టుకుంది. అవతల రవికుమార్ పక్కన మేనేజర్ కూర్చున్నాడు.

“రెండు గంటలు, యాభై అడుగులు,” అంది జ్యోత్స్న. ఈక టైరులో పడింది. టైరు జరిపి, “పది గంటలు, ముప్పై,” అంది. మళ్ళీ పడింది.

“బావా,” అన్నాడు రవికుమార్, “ఈసారి పిల్లను సప్పుడు చెయ్యొద్దంటున్నడు సార్. నువ్వే చూసి కొట్టాలంట.”

రూప్లి కూతురి వైపు చూసింది. జ్యోత్స్న టైరును ఇంకోచోట వేసి, ఏం చేయాలో తోచక దాని పక్కనే నిలబడిపోయింది. ఆమె కాలు కదిలింది. పట్టీల మువ్వలు మోగాయి.

బాలకృష్ణ ఒక్క క్షణం ఆగి దారం విసిరాడు. ఈక టైరు అంచుకు తగిలి లోపల పడింది.

అవతల చప్పట్లు వినిపించాయి. కాసేపు హిందీలో ఏదో మాట్లాడుకున్నాక రవికుమార్ గొంతు సంతోషంగా వచ్చింది.

“నీకు నేర్పే పని కాదంట బావా, అంతకన్నా పెద్దది. ఒడ్డు మీద ఇంకొకరిని పెడ్తరు. కర్ర టూరిస్టు చేతిల ఉంటది. నువ్వు పడవ ముక్కు మీద నిలబడి, నీళ్ళల చేప నీడ చూసి, గంట చెప్పుడే. గిసొంటి చూపున్న మనిషి దొరకడంటున్నడు సార్. సోమవారానికి టికెట్ చేస్తున్న.”

బాలకృష్ణ కర్రను నేలకు దించాడు.

“ఏంది బావా, సంతోషం లేదా?”

“ఉన్నది,” అన్నాడు బాలకృష్ణ.

కాల్ ముగిసింది. రూప్లి గట్టు మీద కూలబడింది. మామకు చెప్పమ్మా అని జ్యోత్స్న అనాలనుకుంది. నెల రోజులుగా ఎన్ని గంటలు చెప్పిందో లెక్కలేదు. ఈ ఒక్క మాట గొంతు దాటలేదు.

బాలకృష్ణ దారం చుట్టుకుంటూ, “ఏం బిడ్డా, సప్పుడు లేదు?” అన్నాడు.

“ఏం లేదు నాయనా. మంచిగైంది,” అంటూ జ్యోత్స్న వచ్చి ఆయనకు ఎదురుగా నిలబడింది. బుగ్గల మీద కారుతున్న నీళ్ళను ఆమె తుడుచుకోలేదు.

ఆయనకు చూపు పోయి ఏడాది దాటింది.