ఎనిమిది పొట్లాలు

పొద్దున తొమ్మిదింటి నుంచి మల్లమ్మ కొడుకును బతిమాలుతూనే ఉంది. శ్రావణ్‌కుమార్ తినడం లేదు.

నాటుకోడి కూర వండింది. బగారన్నం చేసింది. గారెలు కాల్చింది. పొలం దగ్గరికి పళ్లేలు ఎందుకని మోదుగాకు విస్తరి వేసి, అన్నీ వాడి ముందు పెట్టింది. మందు వాసనొస్తే చెప్పు తీసే మొగులయ్య, ఈరోజు తానే బీరు సీసా తెచ్చి కొడుక్కి మూత కూడా తీసి పెట్టాడు. సీసా పొంగింది గానీ వాడి మనసు పొంగలేదు.

“అందరు మీదపడి సూస్తుంటే ఎట్ల తింటడు? జెర ఇవతలికి రాండ్రి,” అన్నాడు మొగులయ్య తమ్ముడు చిన్నరాములు.

అందరూ మోటరు కొట్టం వెనక్కి జరిగి, అటు తిరిగి కూర్చున్నారు.

వాడు తినేదాకా ఇంట్లో ఎవరూ తినేది లేదు. వచ్చిన చుట్టాలకూ అదే మాట. పదకొండయింది. కడుపుల్లో పరుగెత్తిన ఎలుకలు కూడా అలిసి పడుకున్నాయి.

తండ్రి ఫార్మరు, కొడుకు ఫార్మా. గుమ్మడిదల దగ్గర మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఆ ఘాటుకు ఊపిరాడక కొండలెక్కేవాడు. ఏడాదంతా ఓవర్‌టైం చేసి, సెలవులు పోగేసి, హిమాలయాల్లో రోజుల తరబడి నడిచేవాడు. తండ్రికి రేషన్ అంటే కార్డు. వాడికి రేషన్ అంటే సైనికుల తిండి. ముత్తంగి రింగురోడ్డు దగ్గర ఒక దుకాణంలో కొనేవాడు. ఖాకీ పొట్లం. లోపల పులావు, రాజ్మా, హల్వా, మడతపెట్టే రేకు పొయ్యి, దాన్ని వెలిగించే తెల్ల బిళ్లలు. బరువు తక్కువ. ఏడాదైనా పాడవదు.

“తల్లి బువ్వ చేదయి తుపాకుల బువ్వ తీపయిందా?” అని దెప్పేది మల్లమ్మ.

“నీ బువ్వ మొయ్యలేనమ్మా. మోసినా మూడొద్దులకు బూజు పడ్తది,” అని నవ్వేవాడు.

కొండలెక్కితే తప్ప వీడికి కూడు ఎక్కదని తేల్చేసింది మల్లమ్మ. కూడు తగ్గితే కొండ దిగుతాడని కూడా తేల్చేసింది.

ఈసారి ఇరవై రోజుల నడక. సంచిలో ఇరవై పొట్లాలు. బయల్దేరే పొద్దున వాడు స్నానానికి వెళ్లగానే మల్లమ్మ సంచి అడుగు నుంచి ఎనిమిది లాగేసింది. బరువు తేడా తెలియకుండా ఆ చోట సకినాలు కుక్కింది. పొట్లాలు అయిపోతే ఎనిమిది రోజులు ముందే వాపస్ వస్తాడని ఆమె లెక్క.

లెక్క తప్పలేదు. పన్నెండు రోజులు నడిచాక పొట్లాలు అయిపోయాయి. సకినాలు ఒక్క పూటకు వచ్చాయి. వెంట ఉన్నవాళ్లు తమ దాంట్లో పెడతామన్నారు. వాళ్ల నోటి దగ్గరిది లాక్కోవడం ఇష్టం లేక వాడొక్కడే అడ్డదారిన కిందికి దిగాడు. అనుకున్నదానికన్నా త్వరగానే దిగాడు. హైదరాబాదు దాకా విమానం, అక్కడి నుంచి బండి. ఇరవై రోజులు నడుస్తానన్నవాడు ఇంటికి ఒక్క అడుగు నడవకుండా వచ్చాడు.

మల్లమ్మ వాడి కాళ్లు పట్టుకుంది. వాడు మాట్లాడలేదు. ఇంట్లో ఒక్క రాత్రయినా ఉండలేదు. ఆ సాయంత్రమే బాయికాడి పొలానికి చేరాడు. అప్పటి నుంచి అక్కడే పడక. జవాన్ల తిండి తిన్న కొడుకు తల్లికి జవాబే ఇవ్వడం లేదు.

పన్నెండయింది. వాడి చెల్లెలు నిషిత తొంగి చూసి వచ్చింది.

“ఏం తినలే. పెట్టింది పెట్టినట్లనే ఉంది.”

“ఏం కోపమున్నదిరా నీకు?” మొగులయ్య కొట్టం వెనక నుంచే అరిచాడు. “నీ మోటరుసైకిల్ ఎవ్వనికియ్య. నీ చెల్లెను ఎంత సదువంటే గంత సదివిస్త. ఇగ తినరాదు!”

తల తిప్పకుండానే అటు చెవి పెట్టాడు.

“వాని కోపం నా మీద,” అంది మల్లమ్మ. “పొట్లాలు తీసింది నేనే. ఎనిమిది.”

ఎవరికీ తెలియని మాట అది. మొగులయ్య చెయ్యెత్తాడు. నిషిత అడ్డం వచ్చింది. ఎత్తిన చెయ్యి ఎక్కడ దించాలో తెలియక తన నెత్తినే పెట్టుకున్నాడు.

“ఎందుకు తీసినవే?”

“జల్దీ వస్తడని.”



“యాడున్నయ్ అవి?” అన్నాడు చిన్నరాములు లేచి.

“ఇంట్ల. బియ్యం డ్రమ్ముల.”

అతను బండి మీద పోయి ఒక పొట్లం పట్టుకొచ్చాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. “గిన్ని వండినంక గీ ప్లాస్టిక్ కూడు తింటడా వదినా?”

“వానికి గదే పానం.”

రేకు పొయ్యి విప్పడం మల్లమ్మకు రాలేదు. నిషిత విప్పింది. ఒకసారి అన్న నేర్పాడు. తెల్ల బిళ్ల నీలంగా వెలిగింది. గిన్నెలో నీళ్లు మరిగాయి. మల్లమ్మ వేడి పొట్లాన్ని పళ్లతో చింపి, తన కోడికూరను తానే పక్కకు నెట్టి, విస్తట్లో పులావు పోసింది. వేళ్లు కాలినా వదల్లేదు.

“నా బువ్వ తినకు బిడ్డా. నీదే తిను. ఒక్క ముద్ద తింటే నన్ను మాఫ్ చేసినవనుకుంట. తినకుంటే ఇగ నేను గూడ తిన. ఎన్నటికీ తిన.”

ఆమె విస్తరి ముందే కూర్చుండిపోయింది. నిషిత రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

పులావు మీద ఆవిరి ఇంకా ఆరకముందే, తుమ్మచెట్టు మీది నుంచి ఒక కాకి దిగి, శ్రావణ్‌ను పూడ్చి మూడు రోజులైన మట్టి మీద రెండు గెంతులు వేసి, విస్తట్లో ముక్కు పెట్టింది.