చలి మొదట్లో వచ్చిన జాడీ

"మీరు తక్కువకు అమ్ముతున్నారని నూడుల్స్ కొట్ల సంఘం కావాలనే మీకు పిండి ఆపించిందని రుజువైతే, కొట్టు మళ్లీ తెరిపించొచ్చు ఓక్‌బున్ గారూ. వాళ్లేమో కొత్త సంవత్సరానికి ఉన్నట్టుండి కొరతొచ్చిందంటున్నారు," అన్నాడు విచారణాధికారి.

మూతపడ్డ నూడుల్స్ కొట్టులో ఓక్‌బున్ అతని ముందు అన్నం, జాడీలోంచి తీసిన కిమ్చీ, అదే క్యాబేజీ ఊరగాయ, పెట్టింది.

"ముందు తినండి బాబూ. సంఘంలో నాకోసం ఏడ్చింది మల్సున్ అక్క ఒక్కతే. 'ఈ ఏడు కిమ్చీ నువ్వు పెట్టకు, ఖర్చు తగ్గించుకో, గడ్డురోజులొస్తాయే' అని ఈ జాడీ తనే మోసుకొచ్చింది."

"ఎప్పుడు తెచ్చారు?"

"చలి మొదట్లో. కిమ్చీ ఎవరైనా అప్పుడేగా..."

ఆమె జాడీ వైపు చూసింది. అప్పటికింకా పిండి నిండుగా వస్తూనే ఉంది.

అతను కలం తీశాడు. "అంటే, ఆవిడకు ముందే తెలుసు."

ఓక్‌బున్ కిమ్చీ గిన్నెను చేత్తో కప్పింది.

"వయసైపోయింది బాబూ, ఏదో వాగాను. ఇది నేను పెట్టుకున్నదే."